యమదెర మెట్లెక్కిన రెండో మనిషి

నాచారం,
12 అక్టోబరు 2009

చలపతీ,

పెద్ద తోడల్లుణ్ణి కనక ఆశీస్సులతో మొదలుపెట్టాలి. ఆ సంగతి చివర్లో చూద్దాం.

నీ పుస్తకం ‘ఉత్తర జపానులో ఒంటరిగా’ చదివాను. నువ్వు పంపలేదు. ఉప్పల్‌లో సభ పెట్టి శాలువా కప్పించుకున్నప్పుడు పిలవనూ లేదు. పెన్షనర్ల సంఘంలో ఎవరో జాలిపడి ఇచ్చారు. మన సంస్థ 1978లో భూకంప యంత్రాల శిక్షణకు సెండాయ్ పంపింది మనిద్దర్నీ. ఎనిమిది నెలలు ఒకే గదిలో ఉన్నాం. మత్సుషిమా దీవుల మధ్య పడవలో నువ్వు వాంతులు చేసుకుంటే వీపు నిమిరింది నేను. స్టేషన్లలో ఆ లిపి కూడబలుక్కుని టికెట్లు తీసింది నేను. రెండు వందల పన్నెండు పేజీల్లో నేను మాత్రం లేను. నువ్వే దిగావు, నువ్వే చూశావు, నువ్వే నిట్టూర్చావు.

యాభై ఏళ్ళుగా యాత్రా గ్రంథాలు చదువుతున్నాను. ఒంటరి యాత్రికుడంత పెద్ద కట్టుకథ సాహిత్యంలో లేదు. అన్నం వండినవాడు, మూట మోసినవాడు, దారి చెప్పినవాడు అచ్చులోకి వచ్చేసరికి ఆవిరైపోతారు. ఆ జాబితాలో నేనూ చేరాను. దానికి ఏడవను. నా ఏడుపు వేరే.

మా అనంతలక్ష్మి అక్కయ్య సంగతి నీకు సగం తెలుసు. తర్వాత తెలియదనకుండా మిగతా సగం కూడా రాస్తున్నాను. ఆ ఏడు అక్టోబరు 27, శుక్రవారం. తెనాలిలో మా అమ్మకు ప్రాణం మీదికొచ్చింది. ‘అమ్మకు విషమం, మిల్లు ఇంటికి వెంటనే ఫోన్ చెయ్యి’ అని అక్కయ్య తంతి కొట్టింది. ఆ వీధిలో ఫోనున్నది రైసు మిల్లు వాళ్ళింట్లోనే. అమ్మను మంచంతో సహా మోసుకెళ్ళి వాళ్ళ వరండాలో, ఫోను పక్కన దించారు. నా గొంతు వినాలని అడిగిందట. ఫోను మోగినప్పుడల్లా కళ్ళు తెరిచేదట. అన్నీ ధాన్యం బేరాలే. ఆదివారం పొద్దున పోయింది. ఆ తంతి నాకు చేరలేదు. సోమవారం నువ్వు తెచ్చి ఇచ్చిన రెండోదే చేరింది, పోయిందని.

అక్కయ్యకు నేను చెప్పుకున్నది ఒక్కటే. శుక్రవారం సాయంత్రమే చలపతీ నేనూ బయల్దేరాం, శనివారం యమదెర కొండగుడి, ఆదివారం హిరైజుమి చూశాం, తంతి ఖాళీ గదికి వచ్చి ఎక్కడో పోయిందని. నమ్మిందని అనను. ‘ఊళ్ళో లేడేమోలే’ అని ఒక సందు వదిలింది. ఆ సందులోంచే ముప్పై ఏళ్ళుగా నెలకోసారి కాప్రాలో ఆవిడ ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, కాఫీ తాగి వస్తున్నాను.

పోయిన నెల అక్కయ్య కోడలు కామాక్షి నీ పుస్తకం ఆవిడకు చదివి వినిపించింది. ‘అక్టోబరు 28. యమదెర స్టేషన్లో ఒంటరిగా దిగాను.’ అక్కడ ఆపమందట అక్కయ్య. మొన్న నేను వెళ్తే కామాక్షి గేటు తీయలేదు. లోపల్నుంచి అక్కయ్య గొంతు వినిపించింది. “చలపతి ఒక్కడే వెళ్ళాట్ట. వీడు గదిలోనే ఉన్నాడు. తంతి చేతిలో పెట్టుకునే ఉన్నాడు. పొమ్మను.”

నాకు నీ శాలువాలో ముక్క అక్కర్లేదు. ఆ రెండు రోజులూ నేను నీ పక్కన ఉన్నానని అక్కయ్యకు ఒక ఉత్తరం రాయి. అంతే.

ఆశీస్సులు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకున్నాను.

సీతారామయ్య


ఉప్పల్,
21 అక్టోబరు 2009

పూజ్యులైన అన్నయ్యగారికి చలపతి నమస్కారాలు.

నాచారం నుంచి ఉప్పల్‌కు మీ ఉత్తరం ఆరు రోజులు ప్రయాణం చేసింది. షేర్ ఆటోలో పావుగంట. మీరు మా గడప తొక్కనన్నారు. నాకు ఫోన్లో హోరు తప్ప ఏమీ వినబడదు. మనిద్దరి పుణ్యమా అని పోస్టుమాన్‌కు పని దొరికింది.

మీ కోపం న్యాయమే. ‘ఒంటరిగా’ అన్నది ప్రచురణకర్త సలహా, పేరు బాగుంటుందన్నాడు. పేరు అలా పెట్టాక మిమ్మల్ని లోపల పెట్టడం కుదరలేదు. మార్చిలో రెండో ముద్రణ వేస్తామంటున్నారు. ముందుమాటలో మీకు ఒక పేరా కృతజ్ఞతలు రాస్తాను. మీరు దిద్దిన పటాల సంగతి, మీ జపాను భాషా పాండిత్యం, అన్నీ. ఇంతకన్నా ఏం చేయమన్నా చేస్తాను.

తారామణి మీ ఉత్తరం చూసి, “బావగారికి కోపం వస్తే దస్తూరీ ముత్యాల్లా వస్తుంది” అంది. తన అక్క శారద వదినగారు బతికి ఉంటే మనల్ని ఇంత దూరం రానిచ్చేవారు కాదు.

మోకాళ్ళకు నువ్వుల నూనె మానకండి.

మీ
చలపతిరావు


నాచారం,
29 అక్టోబరు 2009

చలపతీ,

నీకు చెవులే పోయాయనుకున్నాను. కళ్ళూ పోయాయా? ఉత్తరం రాయమన్నాను, అక్కయ్యకు. నువ్వు నాకు పేరు కావాలనుకుని ముందుమాటలో పేరా పడేస్తానంటున్నావు. నీకు జబ్బు ఏదంటే, లోకంలో అందరికీ నీకు కావాల్సిందే కావాలనుకుంటావు.

రెండో ముద్రణ అన్నావు కనక, తప్పులు కొన్ని పంపుతున్నాను. ముప్పై నాలుగో పేజీలో మత్సుషిమా ఎర్ర వంతెన మీద నిలబడి సూర్యోదయం చూశానన్నావు. మనం అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. ఎనభై ఎనిమిదో పేజీలో హిరైజుమి బంగారు మందిరం ‘ఎండలో ధగధగ’ అన్నావు. అది కాంక్రీటు గోడల మధ్య అద్దం వెనక ఉంది. ఎండ దాని మొహం చూసి కొన్ని వందల ఏళ్ళయింది. యమదెర కొండకు మెట్లు రెండు వేలన్నావు. వెయ్యి పదిహేను. నేను లెక్కపెడుతూ ఎక్కాను, నువ్వు లెక్క తప్పించాలని పిచ్చి ప్రశ్నలు వేస్తూ ఎక్కావు.

అక్కడే ఇంకో తప్పుంది, ఎనభై ఒకటో పేజీ. గుడి ముందు ఇనుప తీగలకు తెల్ల చీటీలు కట్టి ఉన్నాయని రాశావు. బాగుంది. జాతకం చీటీ కొని, చెడ్డది వస్తే ఆ తీగకు కట్టేసి కీడును అక్కడే వదిలి వెళ్తారని రాశావు. అదీ నేను చెప్పిందే. ఆ తర్వాత ‘నేనూ ఒక కాగితం కట్టి దిగాను’ అన్నావు. నువ్వు చీటీ కొనలేదు. నేను కొననివ్వలేదు. మూఢనమ్మకాల మీద అక్కడికక్కడే ఉపన్యాసమిచ్చాను, ఒక ముసలావిడ వంగి నమస్కారం కూడా పెట్టి పోయింది. ఏం కాగితం కట్టావు? కవిత్వం కోసమైతే కొట్టేయి.

అక్కయ్య చిరునామా కాగితం వెనక రాశాను. మర్చిపోయాననకు.

సీతారామయ్య


ఉప్పల్,
30 నవంబరు 2009

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఆలస్యానికి మన్నించండి. ఎడమ కంటికి శుక్లం తీశారు, నెలరోజులు చదువూ రాతా వద్దన్నారు.

మీ తప్పుల పట్టిక ప్రచురణకర్తకు పంపాను. సూర్యోదయం తీసేస్తాను. బంగారు మందిరాన్ని అద్దం వెనక పెడతాను. మెట్లు వెయ్యి పదిహేను చేస్తాను. మీ జ్ఞాపకశక్తికి జోహార్లు.

అక్కయ్యగారికి తప్పకుండా రాస్తాను. కన్ను కుదుటపడనివ్వండి.

చలపతిరావు


నాచారం,
8 డిసెంబరు 2009

చలపతీ,

నాలుగు తప్పులు పంపాను. మూడింటికి జవాబిచ్చావు. కంటి ఆపరేషన్‌లో నాలుగోదాన్ని కూడా తీసేశారా?

అక్కయ్యకు రెండు మూత్రపిండాలూ పోయాయి. సూదులతో, గొట్టాలతో రక్తం కడిగించుకోవడం నా వల్ల కాదని ఇంటికొచ్చేసింది. ఉగాది చూడడం కష్టమన్నారట డాక్టర్లు. కామాక్షి గేటు బయటికి వచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా నిలబడి ఈ మాట చెప్పింది. “మామయ్యా, ఇప్పుడు లోపలికి వస్తే ఆవిడకు ఆయాసం వస్తుంది” అంది. నేను తిరిగొచ్చాను.

ఆటో మహిపాల్ దారిలో, “సార్, రేపు బందు, ఎల్లుండి బందు, పోవుడుంటే గిప్పుడే పోవాలె. నన్ను ఫోన్ల పిలువున్రి, గల్లీలకెళ్ళి తీస్కపోత” అన్నాడు. లోపలికి రానివ్వని ఇంటికి ఏ గల్లీలోంచి పోతే ఏం లాభం?

ఇంట్లో వంట చేసే సాలమ్మకు ఈ ఉత్తరాల సంగతి నవ్వులాటగా ఉంది. “ఏంది సార్, గీ మూడు కిలోమీటర్లకు గిన్ని ఉత్తరాలా? ఆ సార్ ఇల్లు నాకెరికే. నేను పోయి నిలదీసి అడ్గి వస్త” అంటుంది. పంపమంటావా?

నాలుగు వాక్యాలు చాలు. ‘సీతారామయ్య ఆ రెండు రోజులూ నాతోనే ఉన్నాడు.’ అదొక్క వాక్యమైనా చాలు. ఇన్నాళ్ళూ నువ్వు బద్ధకిస్తున్నావనుకున్నాను. ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. ఏం కాగితం కట్టావు?

సీతారామయ్య


ఉప్పల్,
5 జనవరి 2010

అన్నయ్యగారికి,

బందుల వల్ల ఆలస్యమైందని రాయవచ్చు. రాయను.

మీకు గుర్తుందా, ఆ శుక్రవారం సాయంత్రం మీరు హాస్టల్ మెట్ల మీద కూర్చుని రైళ్ళ పట్టిక చదువుతున్నారు. నేను గది తాళం ఇవ్వడానికి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాను. తాళం తీసుకుని గుమస్తా నా చేతిలో తంతి పెట్టాడు. అక్కయ్యగారు పంపిన మొదటి తంతి. అక్కడే చదివాను.

మీరు తల ఎత్తి, “చలపతీ, ఆరున్నర బండి దొరుకుతుంది, పద” అన్నారు. నేను జేబులో పెట్టుకున్నాను.

ఎందుకని అడుగుతారు. ఆకులు ఎర్రబడే వారం అదొక్కటే అని మీరే పది రోజులుగా ఊరించారు. మీరు లేకుండా నేను ప్లాట్‌ఫారం కూడా పోల్చుకోలేను. అంతకు ముందు వేసవిలో రెండుసార్లు మీ అమ్మగారికి విషమమని ఉత్తరాలొచ్చి, తగ్గిందని మళ్ళీ ఉత్తరాలొచ్చాయి. ఇదీ అంతే అనుకున్నాను. రెండు రోజులు చూసొచ్చి ఇస్తే ఏం పోతుందనుకున్నాను. ఇది కారణమని రాస్తుంటే ఎంత చిన్నగా ఉందో నాకూ కనిపిస్తోంది.

శనివారం కొండెక్కుతుంటే ప్రతి మెట్టుకూ ఆ కాగితం తొడకు తగిలేది. చీకటిగా పెరిగిన దేవదారు చెట్లు, పాచిపట్టిన రాతి దీపస్తంభాలు, కొండరాయిలో తొలిచిన మొహాలు. అవన్నీ పుస్తకంలో రాశాను, బాగా రాశావన్నారు అందరూ. మీరు మెట్లు లెక్కపెడుతున్నారు. పిచ్చి ప్రశ్నలు వేశానన్నారు కదా, లెక్క తప్పించాలని కాదు. చెప్పేద్దామని మొదలుపెట్టి మాట మార్చిన ప్రశ్నలవి.

పైన మీరు ఆ తీగలు చూపించి, కీడు ఇక్కడే ఆగిపోతుందని వీళ్ళ పిచ్చి అన్నారు. మీరు నవ్వారు. నేను నవ్వలేదు. మీరు లోయ ఫొటో తీస్తుండగా మీ అమ్మగారి తంతిని నాలుగు మడతలు వేసి ఆ తీగకు కట్టాను. దాచడానికి కాదు, ఒట్టు. ఆగిపోతుందని కట్టాను.

సోమవారం రెండోది వచ్చింది. అది మీ చేతిలో పెట్టినప్పుడు మొదటిది ఇవ్వడానికి నా దగ్గర లేదు. పుస్తకంలో మిమ్మల్ని ఎందుకు తీసేశానో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. మీరు పక్కన ఉంటే ఆ రెండు రోజుల దగ్గర నా కలం కదల్లేదు. మిమ్మల్ని తీసేశాక కదిలింది. అయినా ఆ కాగితం ఎలాగో లోపలికి వచ్చేసింది.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

చలపతిరావు


నాచారం,
12 జనవరి 2010

చలపతిరావు గారికి,

తంతి శాఖ మీద పదకొండు ఫిర్యాదులు రాశాను. ‘బట్వాడా అయినది’ అని వాళ్ళు పదకొండుసార్లూ జవాబిచ్చారు. ముప్పై ఏళ్ళు వాళ్ళను అబద్ధాలకోరులని తిట్టాను, పత్రికల్లో కూడా. లోకంలో ఒక్క ప్రభుత్వ శాఖ నిజం చెప్పింది, దానితోనే పోట్లాడాను.

ఆ జూలైలో ఒసోరెజాన్ కొండకు వెళ్ళాం కదా. గంధకం కంపు, చచ్చిపోయిన పిల్లల కోసం పేర్చిన రాళ్ళు, గాలికి తిరిగే కాగితపు గిరగిరలు. గుడ్డి ముసలమ్మలు చనిపోయినవాళ్ళ గొంతుతో మాట్లాడుతుంటే నేను వెక్కిరించాను. నిన్నటి నుంచీ ఆ ముసలమ్మల్లో ఒకర్ని ఎవరైనా తీసుకొస్తే బాగుండుననిపిస్తోంది. నేను, కారణం లేకుండా దేన్నీ నమ్మనివాణ్ణి.

నిన్ను ఏమనాలో నాకు మాట దొరకలేదు. చదివిన పుస్తకాలన్నీ వెతికాను. హంతకుడన్న మాట పెద్దది, నీకు వదులు. దొంగ అన్నది చిన్నది. ఎర్ర ఆకుల కోసం ఒక ముసలిదాన్ని ఫోను పక్కన పడుకోబెట్టి ఉంచినవాణ్ణి ఏమంటారు?

క్షమాపణ తర్వాత. కాప్రా వెళ్ళు. ఉత్తరం కాదు, మనిషివి వెళ్ళు. ఇప్పుడు నాకు రాసినదంతా ఆవిడ ముందు కూర్చుని చెప్పు. ఆవిడ ఉండగా చెప్పు.

సీతారామయ్య


ఉప్పల్,
3 ఫిబ్రవరి 2010

అన్నయ్యగారికి,

వెళ్ళాను. తారామణిని కూడా తీసుకెళ్ళాను. ఆవిడకూ అక్కడే మొదటిసారి తెలిసింది.

అక్కయ్యగారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. కాళ్ళు వాచాయి, కళ్ళు మాత్రం మీ కళ్ళే. నేను ఎదురుగా పీట మీద కూర్చుని మొదటినుంచీ చెప్పాను. కిటికీ, తాళం, జేబు, తీగ, ఏదీ దాచలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చాను.

అయ్యాక ఆవిడ కామాక్షిని పిలిచి, “ఈయనకు మంచినీళ్ళివ్వు” అన్నారు. తర్వాత గట్టిగా, నాకు వినబడేలా అన్నారు.

“వాడు రాసిచ్చాడా ఇదంతా?”

కాదన్నాను. ఒట్టు పెట్టాను.

“నాకు తెలీదా నాయనా? చిన్నప్పుడు వీధిలో అందరి అర్జీలూ వాడే రాసేవాడు. చదివినవాళ్ళకు కన్నీళ్ళొచ్చేలా రాసేవాడు. నీకు మాత్రం ఇంత అబ్బుతుందా? కాగితం తీగకు కట్టావట!”

“అక్కయ్యగారూ, నా పుస్తకంలో కూడా ఉంది ఆ కాగితం.”

“పుస్తకంలో నువ్వొక్కడివే కదా ఉన్నావు.” కాసేపు ఊపిరి తీసుకున్నారు. “చచ్చేముందు ముసలిదాని మనసు కుదుటపడాలని తోడల్లుడి తప్పు నెత్తిన వేసుకున్నావు. ఎంతమంది చేస్తారీ కాలంలో? నువ్వు మంచివాడివి నాయనా. పిల్లాపాపలతో చల్లగా ఉండు.”

నా తల మీద చెయ్యి పెట్టారు. తప్పించుకోబోయాను. పట్టుకుని మరీ పెట్టారు.

అన్నయ్యగారూ, ఆ కాగితం నా దగ్గరుంటే చూపించేవాణ్ణి. బయటికొచ్చాక తారామణి నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడం లేదు.

ప్రచురణకర్తకు ఫోను చేయించాను. రెండో ముద్రణ ఆపమన్నాను. పేరు మారుస్తాను, ప్రతి పేజీలో మిమ్మల్ని పెడతాను, ఎనభై ఒకటో పేజీలో జరిగింది జరిగినట్టు రాస్తాను. అచ్చులో చూస్తేనైనా నమ్ముతారేమో. మీరు సరేననండి.

చలపతి


నాచారం,
24 ఫిబ్రవరి 2010

చలపతీ,

అక్కయ్య కబురు పెట్టింది. నువ్వు వెళ్ళొచ్చిన పదో రోజు. “అత్తయ్య రమ్మంటున్నారు మామయ్యా” అని కామాక్షి ఫోను. మహిపాల్ హబ్సిగూడ వైపు పోలీసులున్నారని ఎక్కడెక్కడో తిప్పి తీసుకెళ్ళాడు. దారంతా గెలిచాననుకున్నాను. చివరికి ఆవిడ నిన్ను నమ్మిందనుకున్నాను.

లోపలికి వెళ్తే, “కూర్చో” అంది. కుర్చీ కాదు, మంచం మీదే. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ మంచం మీద కూర్చున్నాను.

“నీకోసం అంత అబద్ధం ఆడే మనిషి ఉన్నాడంటే, నువ్వు మరీ అంత చెడ్డవాడివి కాదేమోరా.”

“అబద్ధం కాదక్కయ్యా.”

“సీతారామూ, నాకు టైము లేదు.” ఊపిరి అందడం లేదు, ఒక్కో మాట తీసి పెడుతోంది. “ఒక్కసారి ఒప్పుకో. తంతి అందింది, భయమేసిందో, బద్ధకించావో, ఫోను చేయలేదు. ఒప్పుకుంటే నేను క్షమించి పోతాను. ఒప్పుకోకపోతే ఆ మిల్లు వరండాలో కూర్చున్నట్టే పోతాను. ఏం చేస్తావో నీ ఇష్టం.”

నేను వాదించడానికి తయారుచేసుకుని వెళ్ళిన వాక్యాలు చాలా ఉన్నాయి. ఆవిడ మొహం చూశాను. ఆవిడకు కావాల్సింది నిజం కాదు చలపతీ. ఆవిడ మూడు రోజులు ఎవరి కోసం ఎదురుచూసిందో ఆ మనిషి వచ్చి తప్పయిందని అనాలి. ఆ మనిషి లోకంలో ఎక్కడా లేడు. నేను తప్ప ఆ వేషం కట్టేవాడూ లేడు.

“అందింది అక్కయ్యా. చేయలేదు” అన్నాను.

“ఎందుకురా?” అంది. అది అడుగుతుందనుకోలేదు.

“గది కిటికీలో ఆకులు ఎర్రబడ్డాయి, చూస్తూ ఉండిపోయాను” అన్నాను. నీ కారణమే. నాకు వేరే ఏదీ తట్టలేదు.

ఏడ్చింది. చాలాసేపు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి పడింది నా తల మీద కాదు, ఫోను చేయని ఆ కొడుకు తల మీద. వాడికి క్షమ దొరికింది. ఏ పాపం చేయనివాడు కాప్రా నుంచి ఆటోలో వెనక్కొచ్చాడు.

నిన్న పొద్దున అక్కయ్య పోయింది. ప్రశాంతంగా పోయిందన్నారు. ఆ ప్రశాంతత నేను చెప్పిన ఒక్క అబద్ధం మీద నిలబడింది. నన్ను ఎరిగున్నవాళ్ళలో నా మాట నమ్మాల్సిన ఒకే ఒక్క మనిషి, నేను చెప్పిన మాటల్లో అదొక్కటే నమ్మి పోయింది. శ్మశానంలో బంధువులు నావైపు జాలిగా చూశారు. చివరికి ఒప్పుకున్నాట్ట అని ఎవరో అంటే వినబడింది. నా చెవులు బాగానే ఉన్నాయి.

కనక పుస్తకం మార్చకు. పేరు అలాగే ఉంచు. నన్ను ఏ పేజీలోనూ పెట్టకు. ఆ శనివారం యమదెరలో నువ్వు ఒక్కడివే దిగావు. నేను గదిలో ఉన్నాను, తంతి చేతిలో పెట్టుకుని. ఇప్పుడు అదే నిజం, దానికి నేనే సాక్షిని. దిద్దితే మా అక్కయ్య పోయాక కూడా ఆ వరండాలోనే కూర్చోవాల్సొస్తుంది. ఆ పని నిన్ను చేయనివ్వను.

నీతో మాట్లాడమని నేను చెప్పానని తారామణికి చెప్పు. ఆ పిల్లకు శారద తర్వాత మాట్లాడడానికి ఎవరూ లేరు. నాకు మాత్రం రాయకు.

అరవై ఒకటో పేజీలో హిరోసాకి కోటకు ఐదు అంతస్తులన్నావు. మూడు. అది మాత్రం దిద్దు.

సీతారామయ్య